కూచోమ్మే, ఇంకొంచేపు

మా అమ్మాయి ఇప్పుడు ఆ ఆట అడగడం లేదు. టాబ్లెట్టు అలమారులో చీరల కింద ఉందని దానికి తెలుసు. అలమారు తెరిచినప్పుడు ఒకసారి అటు చూస్తుంది, తన గౌను తీసుకుని వెళ్ళిపోతుంది.

నిజానికి నేను సంతోషించాలి. పిల్ల చేతిలో ఫోను కనిపిస్తే చాలు, గభాలున లాక్కుంటాను. పక్కింటి అబ్బాయి ఫోను చూపిస్తేగానీ అన్నం తినడని విన్నరోజు, ముద్ద నా గొంతు కూడా దిగలేదు. అంత భయస్తురాలిని. కానీ అలమారులో ఉన్న ఆట నేను చేసినది. నేనూ నా స్నేహితురాలూ మేడమీద గదిలో కూర్చుని, ఆడేవాళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు హాయిగా లేచిపోయేట్టుగా చేసిన ఆట. అందులోంచి లేవలేకపోయింది మా అమ్మాయే.

పిల్ల పడుకుంది. రేపటి టిఫిను డబ్బా కడిగి బోర్లించి ఇది రాస్తున్నాను. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, ఎవరైనా చూస్తారన్న బెంగ లేదు.

మాది కుప్పం. పెళ్ళయి ధర్మపురి వచ్చాను. అత్తవారిది చింతపండు టోకున అమ్మే మండి. ఎన్ని తరాల కిందట ఇక్కడికి వచ్చారో వాళ్ళకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా ఆయన తన పేరు కూడా తెలుగులో రాయలేడు. కానీ కోపం వచ్చినప్పుడు తిట్టేది తెలుగులోనే.

పెళ్ళికి ముందు నేను బెంగళూరులో, ఫోను ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేశాను. ఆడడం మానేసినవాళ్ళకి ఏ వేళప్పుడు ఏ మాట పంపితే మళ్ళీ వస్తారో కనిపెట్టడం నా పని. "నీ పొలం ఎండిపోతోంది", "నీ కుక్కపిల్ల ఏడుస్తోంది". ఇలాంటివి రాసేదాన్ని. వాటికి బొమ్మలు గీసేది నా స్నేహితురాలు. ధర్మపురి పక్కనే ఉన్న సోగత్తూరు పిల్ల, తమిళమ్మాయి. నా దగ్గర తెలుగు నేర్చుకుని, ప్రతి మాట చివరా, మన 'ఒసే' లాంటి తమిళపు 'డీ' తగిలించి మాట్లాడేది. ఏడ్చే కుక్కపిల్లని ఆమె ఎంత బాగా గీసిందంటే, ఆ బొమ్మ చూసి నేనే ఆట తెరిచాను ఒకసారి. కడుపుతో ఉన్నప్పుడు ఉద్యోగం మానేశాను. తర్వాత ఏడాది ఆమె కూడా మానేసి ఊరికి వచ్చేసింది.

చింతపండు కాలంలో మా మండి వెనక పెరట్లో ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారు. పెంకు కొట్టి, ఈనెలు లాగి, పిక్కలు తీస్తారు. మా ఆయన నాయనమ్మ వాళ్ళతోపాటే కూర్చునేది. ఇంటి యజమానురాలు కూర్చోనవసరం లేదు, ఎవరు చెప్పినా వినేది కాదు. ఆమెని అందరూ అవ్వ అనేవాళ్ళు, నేనూ అంతే. నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని నేనూ వెళ్ళి అవ్వ పక్కన కూర్చునేదాన్ని. చేతికి వచ్చిన కాయ ఒలిచేదాన్ని. పిల్ల ఏడిస్తే సగం ఒలిచిన కాయ అక్కడే పడేసి లేచేదాన్ని. పాలిచ్చి వచ్చేసరికి ఆ కాయ అట్లాగే ఉండేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఏదీ ఎండిపోయేది కాదు, ఏ కుక్కపిల్లా ఏడ్చేది కాదు. అంత సులువుగా వదిలి లేవగలిగే పని నేను అంతకుముందు చేయలేదు.

స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"ఒక ఆట చేద్దామా? చింతపండులో పిక్కలు తీసే ఆట."

"గెలిస్తే ఏమొస్తుంది?"

"గెలవడం లేదు."

"ఓడితే?"

"అదీ లేదు."

"మన పాత ఆఫీసులో చెప్పావంటే అందరూ అక్కడికక్కడే స్పృహ తప్పి పడతారు," అంది. "సరి డీ, చేద్దాం."

మండి మీద గోనెసంచులు పెట్టుకునే గది మాకిచ్చారు. సంచులు ఒక పక్కకి జరిపి రెండు బల్లలు వేసుకున్నాం. చింతపండు వాసన కంప్యూటర్ల మీద కూడా పట్టేది. గోడ మీద ఆమె తమిళంలో, కింద నేను తెలుగులో ఒకే మాట రాసుకున్నాం: "వచ్చినవాళ్ళు ఎప్పుడు లేచినా ఏదీ చెడకూడదు." మా స్టూడియోకి ఉన్న సిద్ధాంతం అదొక్కటే. తక్కినదంతా అందులోంచే వచ్చింది.

గడియారం లేదు, లెక్క లేదు, గంట మోగించి పిలవడం లేదు. సగం ఒలిచిన కాయ సగంలోనే ఎదురుచూస్తుంది. నెల తర్వాత వచ్చినా అవ్వ నిష్ఠూరమాడదు. ఇదంతా ఇప్పుడు చెప్తుంటే సులువుగా ఉంది. అప్పుడు ఒక్కొక్కదాని మీద రోజుల తరబడి కొట్లాడుకున్నాం. పెరటి గోడ మీద కాకి ఉండాలంది ఆమె. ఉండనీ అన్నాను. అది దిగి వచ్చి పండు ఎత్తుకుపోవాలంది. వద్దన్నాను. ఎత్తుకుపోయే కాకి ఉంటే కాపలా కాయాలి, కాపలా కాసేవాళ్ళు లేవలేరు. మూడు పూటలు అలిగి, కాకిని గోడ మీదే కూర్చోబెట్టింది. ఒలిచిన పిక్కలు కుప్పగా పెరుగుతూ పోవాలని నేనన్నాను. ఈసారి ఆమె ఒప్పుకోలేదు. పెరిగే కుప్పని చూసుకోవడానికే జనం వస్తారు, అది మన పాత ఆఫీసు పని, అంది. మండిలో లాగే పొద్దున్నే వచ్చి ఎవరో పిక్కలు తీసుకుపోయినట్టు, డబ్బా ఖాళీగా పెట్టాం. ఎండిన పెంకు చిట్లే చప్పుడు, పచ్చి పెంకు నలిగే చప్పుడు, పిక్క రేకు డబ్బాలో పడే చప్పుడు, అన్నీ మా పెరట్లోవే.

మా ఆయన మేడెక్కి వచ్చి చూసేవాడు. "గెలిచేది లేదు, ఓడేది లేదు, దుడ్డూ వచ్చేట్టు లేదు. దీనికి ఫోనెందుకే? కిందికి రమ్మను వాళ్ళని, నేనే నేర్పిస్తా." అని నవ్వి, మళ్ళీ రెండు కాయలు ఒలిచి చూసి, కిందికి పోయేవాడు.

ఆటలో ఒక్క అక్షరం ఉండకూడదని కూడా అనుకున్నాం. మేమెవరి కోసం చేస్తున్నామో, సేలంలో, హోసూరులో, మదురైలో తెలుగు మాట్లాడే ఇళ్ళవాళ్ళు, వాళ్ళు తెలుగు చదవలేరు. కాబట్టి అంతా మాటే. ఆ మాట అవ్వది కావాలి. తమిళంలో కూడా పెడదామా అని నేను అడిగితే, తమిళమ్మాయే వద్దంది. "అవ్వ తమిళం మాట్లాడితే అంగడిలో బేరం చేస్తున్నట్టుంటుంది డీ. తెలుగులోనే ఇంట్లో ఉన్నట్టుంటుంది."

మొదటిరోజు మైకు పట్టుకుని అవ్వ ముందు కూర్చున్నాం. గాలి చప్పుడు పడకుండా దానికి బొచ్చు తొడుగు ఉంది.

"ఇదేంమే, ఎలుకపిల్లా?" అంది అవ్వ.

"మైకవ్వా. మాట్లాడు."

"ఎవురితో?"

"ఆట ఆడేవాళ్ళతో."

"వాళ్ళేడుండారు?"

"ఇంకా రాలేదవ్వా."

"రానోళ్ళతో ఏం మాట్లాడేదిమే? వచ్చినంక పిలువు." మళ్ళీ కాయ అందుకుంది.

దాంతో మైకుని తట్టలో గోనెగుడ్డ మీద పెట్టేసి, మేమిద్దరం మామూలుగా కూర్చుని పిక్కలు తీశాం. అప్పుడు మాట్లాడింది. కంబైనల్లూరు సంతకి వాళ్ళ నాయన బండి కట్టుకుని పోతే, తను మూటల మధ్య దాక్కుని పోయిన సంగతి చెప్పింది. కోడలి మీద చాడీలు చెప్పింది, అవి తర్వాత తీసేశాం. నా స్నేహితురాలి చేతులు చూసి ఊరుకోలేకపోయేది. "సోగత్తూరు పాపా, అట్ల పీకితే ఈనె పండులోనే ఉంటాది. బిడ్డకు తల దువ్వినట్ల దువ్వల్ల. బొమ్మలు గీసే చెయ్యేనా ఇది?"

ఇట్లా చాలా రోజులు సాగింది. ఒక సాయంత్రం స్నేహితురాలు లేచి నిలబడింది. "పొయ్యొస్తా అవ్వా. బస్సు టైమాయె."

అవ్వ తల ఎత్తి చూసింది. "అప్పుడే లేస్తివా? కూచోమ్మే, ఇంకొంచేపు. నాకు మాత్రం ఎవురుండారు?"

మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ లేచేటప్పుడు విన్న మాటే అది. పాలు పోసే ఆమెకీ చెప్పేది, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతనికీ చెప్పేది. ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. వింటూనే చెప్పులు తొడుక్కునేవాళ్ళు. అట్లా అనకపోతే తప్పు. అతిథి లేచినప్పుడు ఊరుకుంటే, పొమ్మన్నట్టే లెక్క. కుప్పంలో మా అమ్మా అంటుంది, సోగత్తూరులో వాళ్ళమ్మా తమిళంలో అంటుంది.

కానీ ఆ రోజు అవ్వ గొంతులో ఏదో ఉంది. స్నేహితురాలు నా వంక కళ్ళు పెద్దవి చేసి చూసి, టక్కున వంగి మైకు ఆపేసింది, మరే చప్పుడూ కలవకుండా. ఆ తర్వాత అవ్వ అన్నది నాకు చెవిలోనే ఉంది: "సరే, పదిలంగా పొయ్యిరా. చెయ్యి కడుక్కోని పో, పులుపు."

మేమిద్దరం మెట్లు రెండేసి దాటుకుంటూ మేడెక్కాం, విన్నది నిజంగా అంత బాగుందో లేదో చూడాలని. మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాం. ఆమె బస్సు తప్పిపోయింది. కూచోమంటే కూర్చోని మనిషి, ఆ కూచోమన్న మాట వినడం కోసం చీకటి పడేదాకా ఉండిపోయింది. మేం వింటున్నంతసేపూ కింద పెరట్లోంచి పెంకు కొట్టే చప్పుడు వస్తూనే ఉంది. కూలివాళ్ళంతా వెళ్ళిపోయారు. అవ్వ ఒకతే కొడుతోంది. ఇద్దరిలో ఎవరమూ కిందికి దిగలేదు.

ఆటలోంచి బయటికి రావాలంటే, కాయ కిందపెట్టి, చెంబు నీళ్ళతో చెయ్యి కడుక్కోవాలి. అప్పుడు అవ్వ తల ఎత్తి చూస్తుంది. అక్కడ ఆ మాట పెట్టాం. పెట్టేముందు గోడ మీద రాసినదానికి ఇది ఎదురుపోతుందేమో అని నేను అడగకపోలేదు.

"ఇదేం పట్టుకోవడమా? మర్యాద డీ," అంది ఆమె. "దీన్ని విని ఎవరైనా కూర్చుంటారా? నువ్వు కూర్చున్నావా ఎప్పుడైనా?"

కూర్చోలేదు. అందుకని ఒప్పుకున్నాను. పొలం ఎండిపోతోందని బెదిరించి మనుషుల్ని వెనక్కి రప్పించిన ఇద్దరం, ఏ కిటుకు ఏ రంగులో వచ్చినా గుర్తుపడతాం అనుకున్నవాళ్ళం, సొంత ఇంటి మాట అయ్యేసరికి గుర్తుపట్టలేకపోయాం.

ఆట కొద్దిమందికే చేరింది. కానీ ఆడినవాళ్ళు దానిమీద మనసు పెట్టుకున్నారు. తెలుగు రాయడం రాదు కాబట్టి ఫోనులో మాట్లాడి, ఆ గొంతు మాకు పంపేవాళ్ళు. "మా అవ్వ గూడ అచ్చం ఇట్లనే అంటాది అక్కా, చెయ్యి కడిగేటప్పుడు ఏడుపొచ్చింది." అవి అవ్వకి వినిపించేవాళ్ళం. "వీళ్ళంతా ఎవురు? మనింటికి ఎందుకు రాలేదు?" అని అడిగేది.

ఆ ఏడు వానలప్పుడు అవ్వ మంచం పట్టింది, మళ్ళీ లేవలేదు. పెరట్లో ఆమె కూర్చునే చోట మా మామగారు రోజూ నీళ్ళు చల్లించేవారు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అప్పటికి మా అమ్మాయికి మాటలు బాగా వచ్చాయి. అవ్వ ఏదని అడుగుతుంటే, ఒకరోజు నేనే టాబ్లెట్టు తెరిచి చూపించాను. అన్ని ఆటలకీ భయపడే నాకు ఆ ఒక్కదానికి భయం లేదు. పిల్ల బుజ్జి వేలితో కాయ ఒలిచింది. అవ్వ కంబైనల్లూరు సంత సంగతి చెప్తే నోరు తెరుచుకుని వింది. అన్నానికి పిలిచాను. చెయ్యి కడుక్కుంది. "అప్పుడే లేస్తివా? కూచోమ్మే, ఇంకొంచేపు," అంది అవ్వ. పిల్ల మళ్ళీ కూర్చుంది.

మొదట నవ్వుకున్నాను. మా ఆయనకి చెప్పి ఇద్దరం నవ్వాం. పెద్దవాళ్ళ మాట వినాలని మేమే నేర్పాం, వింటోంది. తర్వాత రోజూ అదే అయింది. అన్నం చల్లారిపోయేది. బడి వ్యాను హారన్ కొట్టి కొట్టి పోయింది ఒకరోజు. నేను లాక్కుంటే ఏడ్చేది కాదు, నాకు నచ్చజెప్పేది. "అవ్వ కూచోమనింది మా. అవ్వకు ఎవురూ లేరంట. నేను పోతే ఒకతే ఉంటాది."

ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేసి వచ్చేసరికి చాపంతా తడి. పిల్ల రెండు కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చుని ఉంది, చేతిలో టాబ్లెట్టు. ఒకటికి వెళ్ళాలని లేచిందట. చెయ్యి కడిగిందట. అవ్వ ఉండమందట. మళ్ళీ కడిగిందట. మళ్ళీ ఉండమందట. "ఆపుకున్నా మా," అంది, నేను తిడతానేమోనని నా ముఖం చూస్తూ.

దాని బట్టలు మార్చాను. చాప ఎండలో వేశాను. మేడెక్కి, గోడ మీద రాసిన మాట ముందు కాసేపు నిలబడ్డాను.

సరిగ్గా ఆ వారంలోనే బెంగళూరు నుంచి ఒకతను వచ్చాడు. పిల్లల ఆటలు ఒకచోట చేర్చి అమ్మే కంపెనీ. అతనిది గుంటూరు వైపట. మా ఆట తీసుకుని పెద్దగా చేస్తామన్నాడు, మమ్మల్నే చేయమన్నాడు. గోనెసంచి మీద కూర్చోబోయి, మా ఆయన తెచ్చిన కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పాడు.

"మా ఆఫీసువాళ్ళ పిల్లలకిచ్చి చూశామండీ. చెయ్యి కడుక్కున్న పిల్లల్లో చాలామంది మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు. ఇంత చిన్న ఆటలో, ఒక్క మాటతో! మేం ఎన్నో పెట్టి చూసినా అట్లా ఆగలేదండీ పిల్లలు. అసలు ఈ డిజైన్ మీకెలా తట్టింది?"

స్నేహితురాలు నా వంక చూసింది. నేను కాఫీ గ్లాసు వంక చూశాను.

"అది డిజైన్ కాదండీ," అన్నాను. "మా ఇంట్లో అట్లా అంటారు."

"అదే కదండీ గొప్పతనం!" అన్నాడతను. అలాంటి మాటలు ఇంకో పదో పాతికో కావాలన్నాడు. అవ్వ లేదని చెప్తే, నిజంగానే నొచ్చుకున్నాడు. తర్వాత మెల్లగా, ఉన్న గొంతుతో మిషను చేత ఏ మాటైనా పలికించవచ్చని, తేడా తెలియదని చెప్పాడు. మా ఆయన ఖాళీ గ్లాసులు తీసుకుని కిందికి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఆ మాట తీసేస్తానన్నాను.

"తీసేస్తే వాళ్ళు తీసుకోరు," అంది స్నేహితురాలు.

"తెలుసు."

"వాళ్ళ సంగతి వదిలేయ్. అది అవ్వ మాట డీ. నీ మాటైతే తీసేయ్. అవ్వ మాట తీయడానికి నువ్వెవరు, నేనెవరు?"

"పాప బట్టలు తడుపుకుంది."

"పాపకి నేర్పు. మనం నేర్చుకోలేదా? పెద్దవాళ్ళు కూచోమంటుంటే చెప్పులు వేసుకోవడం."

"ఎట్లా నేర్చుకున్నాం చెప్పు?"

"కూచోమన్నాక పొయ్యిరా అంటారు కదా..." అని, మళ్ళీ తనే, "అయ్యో," అంది.

అంతవరకు మా ఇద్దరికీ తట్టలేదు. ఆ మర్యాదకి రెండు సగాలు ఉన్నాయి. ఒకటి పట్టుకునేది, ఒకటి విడిచిపెట్టేది. మేం మొదటి సగం దగ్గరే మైకు ఆపేశాం. బాగుందని ఆపేశాం. ఆటలో అవ్వ ఉండమంటుంది, ఎప్పటికీ పొయ్యిరా అనదు. పెద్దవాళ్ళకి ఆ రెండో సగం మనసులోనే వినబడుతుంది, అందుకే లేచిపోగలిగారు. పసిపిల్లకి ఎక్కడినుంచి వినబడుతుంది?

తర్వాత నాలుగు రోజులు పాత రికార్డింగులన్నీ తిరగేశాం. అవ్వ నవ్వు ఉంది, దగ్గు ఉంది, కాకిని అదిలించడం ఉంది. పొయ్యిరా అన్నది ఎక్కడా లేదు. రోజూ ఎవరో ఒకరు లేచేటప్పుడే మేం మైకు ఆపేవాళ్ళం, పనైపోయిందని. వేరే మాటల్లోంచి ముక్కలు తెచ్చి అతికించి చూశాను. రేకు డబ్బాలోంచి ఎవరో పిలిచినట్టుంది.

మిషను సంగతి మా ఆయన దగ్గర ఎత్తాను, ఆ ఒక్క మాట కోసమైతే తప్పేముందని. గిడ్డంగిలో మూటలు దింపిస్తున్నాడు. "అవ్వ చెప్పినప్పుడు మీరు నిలబడి వినలేదు," అన్నాడు, తమిళం కలపకుండా. "ఇప్పుడు మిషన్ను పెట్టి చెప్పించుకుంటారా?" ఇంకో మూట దింపించి, "ఆ కూచోమనేది తీసేస్తే పొమ్మన్నట్టుంటాది. చూసుకో. బిడ్డ తల్లివి, నీ ఇష్టం," అన్నాడు.

తీసేశాను. చాలా చిన్న పని. ఇంత మాటకి ఇంత చిన్న పనా అనిపించింది. బెంగళూరు నుంచి మర్యాదగా ఒక జవాబు వచ్చింది, తర్వాత ఏమీ రాలేదు. నా స్నేహితురాలు కొన్నాళ్ళు వస్తూపోతూ ఉంది. కాకి బొమ్మ సరిదిద్దాలని ఒకసారి, చార్జరు మరిచిపోయానని ఒకసారి. తర్వాత హోసూరులో ఉద్యోగం దొరికింది. చివరిరోజు మెట్లు దిగుతుంటే నేను కూచోమనలేదు. ఆమె కూడా వెనక్కి తిరగలేదు. గదిలో మళ్ళీ సంచులు పెట్టారు. గోడ మీది అక్షరాలు సంచుల వెనక ఉన్నాయి, తమిళం పైన, తెలుగు కింద.

మాట తీసేసిన ఆట మా అమ్మాయికి నేనే ఇచ్చాను. పక్కనే కూర్చున్నాను. కాయ ఒలిచింది, ఈనె దువ్వింది, డబ్బాలో పిక్క వేసింది. చెయ్యి కడుక్కుంది. అవ్వ తల ఎత్తి చూసింది. ఆ చూపు స్నేహితురాలు ఎంతో ప్రేమగా గీసినది. చూసి, మళ్ళీ తల వంచుకుని పెంకు కొట్టుకుంటోంది.

పిల్ల ఎదురుచూసింది. టాబ్లెట్టు చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ చెయ్యి కడిగింది. అవ్వ చూసింది, తల వంచుకుంది.

"అవ్వ ఏమనలేదు మా."

"పో, ఆడుకో అని అట్ల చూస్తాంది."

"కోపమా నా మీద?"

కాదన్నాను. ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాల చెప్పాను. అది టాబ్లెట్టుని జాగ్రత్తగా బోర్లా పెట్టి, లేచి బయటికి పోయింది. ఎంత సులువుగా లేచిందో. గోడ మీద రాసుకున్నట్టే. ఆ తర్వాత అడగలేదు.

మొన్న పొద్దున బడికి బయలుదేరుతుంటే నాకొకటి తోచింది. ఆటలో నేర్పలేనిది ఇంట్లో నేర్పవచ్చు కదా అనుకున్నాను. గడప దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటోంది. వీలైనంతవరకు అవ్వ గొంతులాగా పెట్టి, "అప్పుడే లేస్తివా? కూచోమ్మే, ఇంకొంచేపు," అన్నాను.

పిల్ల నా వంక చూసింది. వేసుకున్న బూటు పట్టీ ఊడదీయడం మొదలుపెట్టింది.

"వద్దొద్దు. ఊరికే అన్నా. అట్ల అంటారు మన ఇళ్ళలో. నువ్వు పొయ్యొస్తా అనల్ల. అప్పుడు నేను పదిలంగా పొయ్యిరా అంటా. సరేనా?" కింద కూర్చుని పట్టీ మళ్ళీ వేస్తున్నాను. వీధి చివర వ్యాను హారన్ వినబడింది.

అది ఆలోచించింది. "అవ్వ గూడ ఊరికేనే అనిందా?"

మైకు ఆపేసిన ఆ సాయంత్రం కింది నుంచి వచ్చిన పెంకు చప్పుడు గుర్తొచ్చింది. కూలివాళ్ళు వెళ్ళిపోయాక, దీపం పెట్టే వేళదాకా, ఆగి ఆగి వచ్చిన చప్పుడు. మర్యాదకే అనిందని పాలామె అనుకుంది, మీటరతను అనుకున్నాడు, మైకు పెట్టిన మేము అనుకున్నాం. ఒక్కసారైనా చెప్పులు విప్పి కూర్చుని ఉంటే తెలిసేది.

"తెలీదు కన్నా," అన్నాను.

"నేను కూచుంటి కదా," అంది అది. ఓదార్చినట్టే అంది, నన్నో, అవ్వనో. సంచి భుజాన వేసుకుని, "పొయ్యొస్తా మా," అని పరుగెత్తింది.

నేను బదులు అనాల్సిన మాట ఒకటి ఉంది. అది నోట్లోకి వచ్చేసరికి వ్యాను పూలంగడి మలుపు తిరిగిపోయింది.